నిద్రలో జారిన కాలు

కళ్ళు తెరిచి దుప్పటి పక్కకి లాగి చూసుకునేసరికి ఉషారాణి కుడికాలు ఎడమకాలి కంటే పొట్టిగా ఉంది. పాదం లోపలికి తిరిగిపోయి బొటనవేలు పక్కకాలి చీలమండని చూస్తోంది. ఇలా కావడం మూడోసారి కాబట్టి ఏం జరిగిందో ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు. తుంటిలో పెట్టిన లోహపు గుండు దాని గిన్నెలోంచి తప్పించుకుని వెనక్కి పోయింది. తెలియనిదల్లా ఎలా పోయిందన్నదే. ముందురోజు రాత్రంతా నడుం లాగి నిద్ర లేదు. అందుకని మధ్యాహ్నం అన్నం తిన్నాక డాక్టరు రాసిన నొప్పిమాత్ర వేసుకుని, రెండు కాళ్ళ మధ్య తలగడ పెట్టుకుని వెల్లకిలా పడుకుంది. ఆ మాత్ర వేసుకుంటే పక్కన డప్పు కొట్టినా తెలియదు. లోపలెక్కడో టక్ మన్నది, వెంటనే నొప్పి వచ్చింది, ఆ నొప్పి పట్టుకుని మత్తులోంచి పైకి తేలడానికి కొంతసేపు పట్టింది. అప్పటికి గదిలో ఎవరూ లేరు. తలగడ కాళ్ళ మధ్యే ఉంది. తను వెల్లకిలాగానే ఉంది. పడుకున్నది పడుకున్నట్టే ఉన్న మనిషికి కాలు దానంతటది ఎలా జారుతుంది?

ఇప్పుడా కాలుని ఎలా ఉన్నదాన్ని అలాగే ఉంచి టెక్కలి ఆస్పత్రికి తీసుకుపోతున్నారు. ఊళ్ళోని కూర్మయ్య కొబ్బరికాయలు తోలే వ్యానులో పీచు మెత్తగా పరిచి, దాని మీద వీధిగది తలుపు వేసి, తలుపు మీద ఆమెని పడుకోబెట్టారు. తలుపుని బందుల మీంచి ఎత్తి తీసింది ఆమె భర్త ఢిల్లీబాబు. ఇప్పుడు ఇంటికి తలుపు లేదు, ఇంట్లో కూతురు భార్గవి, పురిటికి వచ్చి నెలల పిల్లతో ఉంది, కుక్కలు దూరకుండా మంచం అడ్డం పెట్టుకోమని చెప్పాడా లేదా, అడగాలనుకుంది, అంతలో వ్యాను గతుకులో పడి ఆ ప్రశ్న నొప్పిలో కలిసిపోయింది. తల దగ్గర ఢిల్లీబాబు కూర్చున్నాడు. కాళ్ళ దగ్గర అత్త బుచ్చమ్మ, రెండు చేతులతో ఆ పాదాన్ని కదలకుండా పట్టుకుని ఉంది. బుచ్చమ్మ ఒక్క అత్తగారే కాదు, సొంత మేనత్త. బండి ఎక్కితే కక్కుకుంటుందని పెళ్ళిళ్ళకి కూడా పలాస దాటి రాని మనిషి, ఇవాళ ఎవరూ పిలవకుండానే ముందుగా ఎక్కి కూర్చుంది.

పడుకుని వెళుతూంటే రోడ్డు కనపడదు. కొబ్బరి తలలు ఒకదాని వెనక ఒకటి వెనక్కి పోతాయి, మధ్యమధ్య జీడిమామిడి కొమ్మలు దిగువగా వచ్చి వ్యాను ముందుభాగం కప్పుని గీరుతాయి, తర్వాత కొంచెం ఆకాశం, కరెంటు తీగ, తీగ మీద చిక్కుకుపోయిన గాలిపటం తోక. ఎక్కడున్నామో తెలియాలంటే చెవులూ ముక్కూ తప్ప దారి లేదు. ఉప్పుగాలి పలచబడితే ఊరు దాటినట్టు. మిల్లులో ఊక వాసన వస్తే పూండి దగ్గర పడినట్టు. మొదటిసారి జారినప్పుడూ ఇలాగే పడుకుని వెళ్ళింది, రెండోసారీ ఇలాగే. అప్పుడు నొప్పి తప్ప వేరే బెంగ లేదు. ఎలా జారిందో తెలుసు కాబట్టి. మొదటిసారి పూర్తిగా తన తెలివితక్కువతనమే. ఆపరేషన్ అయి ఇంటికి వచ్చాక, ఇంట్లో అందరూ జీడిపప్పు పొట్టు తీస్తూంటే తను ఒక్కతీ కుర్చీ మీద బొమ్మలా కూర్చోలేక, పీట లాక్కుని కూర్చుంది. చిన్నప్పటి నుంచీ కూర్చున్న పీటే. గింజ తీసి పక్క చేటలో వేద్దామని వంగింది, అంతే. రెండోసారి సోంపేట వెళ్ళే ఆటోలో. ఆటో సీటు లోతుగా ఉంటుంది, మోకాళ్ళు నడుముకంటే పైకి వస్తాయి, కిందపడ్డ చెప్పు కోసం చెయ్యి చాపింది. రెండుసార్లూ టెక్కలిలో లోకనాథం డాక్టరు మత్తిచ్చి, లాగి, తిప్పి, లోపలికి ఎక్కించేశాడు. ఈ ఉద్దానం పల్లెల్లో మనిషి నేలని వదిలి బతకడం ఎంత కష్టమో ఆ డాక్టరుకి తెలుసు కాబట్టి పెద్దగా కోప్పడలేదు కూడా. అన్నం నేల మీద, కూరలు తరగడం నేల మీద, పప్పు ఒలవడం నేల మీద, కబుర్లు నేల మీద. తన కోసం ఢిల్లీబాబు ఇల్లంతా మోకాలెత్తుకి లేపాడు. మంచం కోళ్ళ కింద ఇటుకలు, పొయ్యికి గట్టు, దొడ్లోకి చిల్లు కోసిన చెక్క కుర్చీ. పక్కింటివాళ్ళు వచ్చి చూసి, వీళ్ళింటికి వరద రాబోతోందా అని నవ్వారు.

రెండోసారి ఎక్కించాక లోకనాథం డాక్టరు ఎక్స్‌రే ఫిల్ముని కిటికీ వెలుతురుకి పెట్టి చాలాసేపు చూసి చెప్పిన మాట ఇప్పుడు ఈ వ్యానులో ఆమె మీద ఇంకో మనిషిలా కూర్చుని ఉంది. గిన్నె వాలు అటూ ఇటూ కాకుండా ఉందమ్మా, అన్నాడు. బాగానే ఉందనీ అనొచ్చు, కొంచెం వాలిందనీ అనొచ్చు. ఇప్పటిదాకా నువ్వు చెయ్యకూడని పని చేసినప్పుడే జారింది, కాబట్టి తప్పు కదలికదే అనుకుందాం. మళ్ళీ జారితే ఎలా జారిందో నాకు ఉన్నదున్నట్టు చెప్పాలి. వంగితేనో మడిస్తేనో జారిందంటే ఎక్కించి, నడుముకి తొడకి కలిపి పట్టీ కట్టి, కండ గట్టిపడేదాకా కాపాడుకుందాం. ఏమీ చెయ్యకుండా, తిన్నగా పడుకుని ఉండగా జారిందంటే మాత్రం గిన్నె పెట్టడంలోనే తేడా ఉన్నట్టు. అప్పుడు వైజాగులో మళ్ళీ తెరవాలి, గిన్నె పీకి వేరేది పెట్టాలి, తప్పదు.

మళ్ళీ తెరవాలి. మొదటిసారి తెరిచినప్పుడు నడుం కిందకి మొద్దుబార్చారే గానీ చెవులకి ఏమీ ఇవ్వలేదు. పచ్చబట్ట అవతల సుత్తి దెబ్బలు వినపడ్డాయి, వడ్రంగి గుమ్మం బిగిస్తున్నట్టు, ఒక్కో దెబ్బకి బల్లతో పాటు తనూ కదిలింది, కదలడం తెలిసింది, నొప్పి తెలియలేదు, అదింకా భయం వేసింది. రక్తం అందక తుంటి ఎముక తల ఎండిపోయిందని చెప్పారు, ఎందుకు ఎండిపోయిందో మాత్రం ఎవరూ చెప్పలేదు. సుత్తి దెబ్బల సంగతి భరించొచ్చు. భరించలేనిది పెద్దతల్లి సంగతి. బారువలో ఎండుచేపలు అమ్మే మనిషి, వైజాగు ఆస్పత్రిలో పక్క మంచం, ఎంత నవ్వించేదో. ‘నా కాల్లో ఇనుం ఏసినారు, ఇంక సముద్రంలోకి దిగితే తుప్పట్టీద్దేమో సూడమ్మా’ అనేది నర్సులతో. ఆమెకీ ఇలాగే జారుతూ వచ్చి రెండోసారి తెరిచారు. తెరిచినచోట చీము పట్టింది. చీము తగ్గడానికి మళ్ళీ తెరిచి, చివరికి కీలు మొత్తం తీసేసి, ఖాళీగా కుట్టేశారు. మొన్న సోంపేట బస్టాండులో చంకకర్రల మీద కనపడింది. కాలు అరచెయ్యంత పొట్టి, నేలకి ఆనదు. చేపల బుట్ట ఎవరు మోస్తున్నారని అడగబోయి ఉషారాణి ఊరుకుంది. పెద్దతల్లి తనే, ‘మరేటమ్మా, కొడుకులు మోత్తన్నారు, బుట్టనీ నన్నూ’ అని నవ్వబోయింది గానీ మునుపటిలా రాలేదు.

రైలు కూత. పూండి స్టేషన్. ఇంకా పూండేనా అనుకుంది. కూర్మయ్య గతుకు గతుకుకీ బండిని దాదాపు ఆపేసి, దించి, ఎక్కించి తీసుకెళుతున్నాడు. ‘కొబ్బరికాయల్ని కూడా ఇంత ముద్దుగా తోల్నేదు వొదినా నాను,’ అన్నాడు ముందునుంచి. ఢిల్లీబాబు, ‘కాయలు అరవవు, నువ్వు ఎదర సూసి తోలు,’ అన్నాడు. అంతే మాట్లాడాడు ఇందాకటి నుంచీ. ఎందుకు మాట్లాడడు? ఈయన మాట్లాడని రోజు ఏదో ఒకటి చేసిన రోజే, కాపురం మొదలైన దగ్గర్నుంచీ చూస్తోంది. తోటలో కాయ దింపిస్తున్నానన్నాడు. కానీ దింపుడు మధ్యలో తాగడానికి మంచినీళ్ళకి వస్తాడు, వచ్చి మంచం చివర కూలబడతాడు, ఎన్నిసార్లు చెప్పినా కాళ్ళవైపే కూర్చుంటాడు, ఇటుకల మీద మంచం కాస్త ఒరుగుతుంది. ఒరిగితే జారుతుందా? ఒరిగినంత మాత్రాన జారేదయితే అది గిన్నె తప్పే. ఆ ఆలోచన వద్దనుకుని వేరే దానిమీదికి పోయింది. భార్గవి. కేక విని మొదట లోపలికి వచ్చింది భార్గవే, పిల్ల చంకలో. రోజూ అది అన్నం తినేటప్పుడు పిల్లని తెచ్చి అమ్మమ్మ పక్కన పడుకోబెడుతుంది. చోటు చాలక తన కాలు కొంచెం ఎత్తి జరిపిందేమో. జరిపి, టక్ మనేసరికి హడలిపోయి, పిల్లని ఎత్తుకుని వాకిట్లోకి పరిగెత్తి, మళ్ళీ ఏమీ తెలియనట్టు వచ్చిందేమో. చిన్నప్పుడు సీసా పగలగొట్టినా అంతే చేసేది. కానీ భార్గవి మొహం పాలిపోలేదు, దాని మొహంలో ఉన్నది కంగారే, భయం వేరు, కంగారు వేరు, కన్నతల్లికి తెలియదా. పోనీ తనే నిద్రలో తిరిగిందా? తిరిగితే తలగడ ఎగిరి ఎక్కడో ఉండాలి. తిరిగిన మనిషి మళ్ళీ వెల్లకిలా సర్దుకుని, తలగడ మధ్యలో పెట్టుకుని, చీర కుచ్చిళ్ళు సరిచేసుకుని పడుకోదు. కుచ్చిళ్ళు సరిగ్గా ఉన్నాయి. పాదాల దాకా, ఒక్క ముడత లేకుండా. తను పడుకున్నప్పుడు ఇంత సరిగ్గా లేవు.

ఎవరూ కాకపోతే ఇనుమే. ఇంటిదొంగ ఇనుమే అయితే, వైజాగు.

డాక్టరుకి అబద్ధం చెప్పొచ్చు. నిద్రలో తిరిగానండీ అంటే సరిపోతుంది, పట్టీ కట్టి పంపేస్తాడు. ఈ ఆలోచన ఇల్లు దాటక ముందే వచ్చింది, దారి పొడుగునా పక్కనే నడిచి వస్తోంది. కానీ గిన్నె నిజంగా వాలి ఉంటే అబద్ధం దాన్ని నిలబెట్టదు. ఇంకోరోజు నూతిగట్టు మీద జారుతుంది, చేతిలో మనవరాలు ఉండగా జారుతుంది. అప్పుడు ఎవరికి చెప్పుకోవాలి? నిజం కావాలి. తనకి ఇష్టమైన నిజం కాకపోయినా సరే, ఏదో ఒకటి తేలాలి.

జీడిపిక్కలు కాల్చే వాసన గొంతుకి అడ్డం పడింది. పలాస వచ్చేసింది. ఈ పొగలో చమురు ఉంటుంది, వేలికి అంటితే చర్మం ఊడిపోయే చమురు. పెళ్ళికి ముందు పిక్కలు కొట్టి కొట్టి తన వేళ్ళు నల్లబడితే అత్త బుచ్చమ్మ తన ఒళ్ళో పెట్టుకుని కొబ్బరినూనె రుద్దేది. మంచి చేతులు. ఊళ్ళో ఏ ఇంట్లో పురుడు వచ్చినా నీళ్ళు పోయడానికి ఆ చేతులే. కాళ్ళు రెండూ చాపుకుని కూర్చుని, చీర మోకాళ్ళ పైకి మడుచుకుని, పసిగుడ్డుని ఆ కాళ్ళ మీద బోర్లా వేసుకుంటే ఎంత గుక్కపట్టి ఏడ్చే పిల్లయినా కాసేపట్లో ఊరుకోవాల్సిందే. పొరుగూళ్ళ నుంచి సైకిలు మీద వచ్చి తీసుకెళతారు. ఆవిడ చేతిలో పెరిగిన పిల్లలకి కాళ్ళు వంకర పోవని పేరు. ఎమ్మార్వో గారి కోడలు కూడా మూడు నెలలు ఆవిడ చేతే పోయించుకుంది. ఆ గౌరవం తప్ప బుచ్చమ్మకి ఇంకే ఆస్తీ లేదు, ఆవిడ ఇంకే ఆస్తీ కోరుకోనూ లేదు.

వ్యాను ఆగింది. ‘అన్నా, కాశీబుగ్గ గేటు పడిపోనాది,’ అన్నాడు కూర్మయ్య. ‘గూడ్సో ఏటో, ఇప్పుడల్లా ఎత్తడు. టీ తాగుతావేటి?’

‘నాకొద్దు.’

‘నీకొద్దంటే నాకూ ఒద్దు. వొదినకి సోడా తెమ్మన్నావా?’

ఢిల్లీబాబు దిగి గేటు వైపు వెళ్ళాడు, తొందరగా ఎత్తమని గేటువాడిని బతిమాలడానికి కాబోలు. బతిమాలితే గూడ్సు తొందరగా వస్తుందా, పిచ్చి మనిషి. చుట్టూ ఆటోలు, మోటారు సైకిళ్ళు, ఎవరో సెల్‌ఫోనులో లారీ ఎక్కడుందో అరిచి చెబుతున్నారు. వ్యాను వెనక ఉషారాణి, అత్త మిగిలారు. అత్త మొహం పైన ఆకాశానికి అడ్డంగా ఉంది, కింది నుంచి చూస్తే గెడ్డం కింద ముడతలు మాత్రం కనపడుతున్నాయి. వాంతి చేసుకోలేదు ఇప్పటిదాకా. నోట్లో కొంగు కుక్కుకుని కూర్చుంది.

‘అత్తా,’ అంది ఉషారాణి. ‘నాను నిద్దర్లో ఉన్నప్పుడు గదిలోకి ఎవులైనా ఒచ్చినారా?’

‘నాకేటి తెలుసమ్మా. పెరట్లో ఉన్నాను గదా,’ అంది అత్త కొంగు సందులోంచే.

‘నువ్వు రానేదా?’

‘రానేదు,’ అంది బుచ్చమ్మ. ‘మాటాడకు. మాటాడితే కదిలీద్ది.’

గూడ్సు వచ్చింది. పెట్టె తర్వాత పెట్టె, నేల అదిరితే తలుపు చెక్క అదిరింది, చెక్క అదిరితే తుంటి అదిరింది, ఆమె రెండు చేతులూ తొడ మీద వేసి గట్టిగా అదుముకుంది. కుడిచెయ్యి మోకాలి మీదికి పోయింది. చీర మీంచి జారింది. చీరకి జిడ్డు. వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుంది, ఆముదం. ఇంట్లో పసిపిల్ల ఉంటే ఆముదం ఎక్కడ ఉండదు, తలుపు గడియకి కూడా ఉంటుంది, మంచినీళ్ళ గ్లాసుకి కూడా ఉంటుంది. అయినా చెయ్యి చీర కిందకి పోనిచ్చి చూసింది. మోకాలి చుట్టూ, తొడ మీద సగం దాకా, చర్మం నున్నగా జారుతోంది. ఎడమకాలు పొడిగా ఉంది.

గేటు లేచింది, హారన్లన్నీ ఒక్కసారి మోగాయి, ఢిల్లీబాబు పరిగెత్తుకొచ్చి ఎక్కాడు, కాశీబుగ్గ సందడి వెనక్కి పోయి వ్యాను హైవే మీదికి ఎక్కింది. రోడ్డు వెడల్పు చేస్తున్నారు, ఒకవైపంతా తవ్వి పెట్టారు, ఎర్రమట్టి దుమ్ము పైన గొడుగులా నిలబడింది. దుమ్ములో కళ్ళు మూసుకుంటే మధ్యాహ్నం నిద్ర అడుగున ఉన్నదేదో కదిలింది. కల అనుకుంది దాన్ని. కలలో తను చాలా చిన్నది. ఎవరి కాళ్ళ మీదో పడుకుని ఉంది, కింద రెండు కాళ్ళ మధ్య గాడి, గాడిలో తన వీపు. వెచ్చగా ఏదో ఒంటి మీద పరుచుకుంది. అరచేతులు తొడ మీంచి మోకాలి దాకా దిగాయి, మోకాలి చుట్టూ తిరిగాయి. ఎవరో ముక్కుతో పాడినట్టు ఏదో అంటున్నారు, మాటలు లేవు, ఆ ఊపు ఉంది. మోకాలు పైకి వచ్చింది, పొట్టకి ఆనింది. పొట్టకి ఆనిన మోకాలు వాలుగా ఎదర భుజం వైపు, ఎడమ భుజం వైపు వెళ్ళింది. హాయిగా ఉంది. రోజూ పొద్దున్న పెరట్లో మనవరాలికి అత్త నీళ్ళు పోస్తూంటే కుర్చీలో కూర్చుని చూస్తుంది కదా, చూసిందే కలలోకి వచ్చిందనుకుంది. కుడి మోకాలు ఎడమ భుజానికి, ఎడమ మోకాలు కుడి భుజానికి, తర్వాత రెండూ కలిపి పొట్టకి, గాలి పోతుంది, తుంటి విచ్చుకుంటుంది, అంటుంది అత్త.

వైజాగులో కసరత్తులు నేర్పే అమ్మాయి ప్రియ, ఎప్పుడూ గబగబా మాట్లాడేది. మోకాలు నడుముకంటే పైకి రాకూడదు ఆంటీ. ఆ కాలు ఈ కాలు దాటి ఇవతలికి రాకూడదు. పాదం లోపలికి తిరగకూడదు. ఒక్కొక్కటి చేస్తేనే ప్రమాదం, మూడూ కలిపి చేశారో, అయిపోయినట్టే. మూడూ కలిపి ఎవరు చేస్తారే అని నవ్వింది తను అప్పుడు, సర్కసువాళ్ళు చెయ్యాలి. ఇప్పుడు దుమ్ములో పడుకుని ఆ మూడింటినీ ఒకదాని మీద ఒకటి పేర్చి చూసుకుంటే సర్కసు రాలేదు. చాపిన కాళ్ళ మీద పడుకున్న పసిపిల్ల వచ్చింది. మోకాలు పైకి, ఇవతలికి, పాదం లోపలికి.

కళ్ళు తెరిచి పాదాల వైపు చూసింది. అత్త చూడటం లేదు. అత్త చేతులు పాదం మీద ఉన్నాయి, ఎంత మెత్తగా ఉన్నాయంటే నొప్పి అక్కడిదాకా వచ్చి ఆగిపోతోంది. ఆ చేతుల్ని అడగాలి. అడిగింది కదా, రాలేదని చెప్పింది కదా. మళ్ళీ అడిగితే ఢిల్లీబాబు వింటాడు, కూర్మయ్య వింటాడు. కూర్మయ్య విన్నది సాయంత్రానికి వజ్రపుకొత్తూరు సంతలో ఉంటుంది. కోడలి కాలు విరిచేసిందంట అంటారు, జారడానికీ విరగడానికీ తేడా ఎవరు చూస్తారు. రేపటి నుంచి సైకిళ్ళు రావు. అంతకంటే, ఒకవేళ కాకపోతే? ఆముదం పొద్దున్న అంటిందేమో, కల కలేనేమో. అమ్మ జ్వరంతో తెలివి లేకుండా పడి ఉంటే తనకి మొదటి నీళ్ళు పోసిన మనిషి, ఆ మనిషి మొహం మీద, కాని నేరం పెట్టి, తర్వాత ఒకే ఇంట్లో ఒకే గట్టు పొయ్యి దగ్గర ఎలా మసలాలి? డాక్టరుకి తెలిసింది మాత్రమే చెప్పాలనుకుంది. పడుకున్నాను, లేచాను, జారి ఉంది. దానికి ఆయన ఏమంటాడో తెలిసి కూడా అంతే చెప్పాలనుకుంది. అలా అనుకున్నాక పెద్దతల్లి కాలు, నేలకి ఆనని ఆ పాదం, గాలిలో వేలాడుతూ కళ్ళ ముందుకు వచ్చింది. ఎంత పక్కకి తోసినా వచ్చింది.

టెక్కలిలో ఆస్పత్రి వరండాలోకి తలుపుతో సహా మోసుకెళ్ళారు. ఫిల్ము తీయడానికి చల్లటి బల్ల మీదికి మార్చినప్పుడు ఒక్కసారి అరిచింది, అంతే. లోకనాథం డాక్టరు కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని తడి ఫిల్ముని పట్టుకుని వచ్చాడు. గుండు గిన్నె వెనక, పైన, పక్కింటి గోడెక్కిన పిల్లిలా కూర్చుని ఉంది. ఆమెకి కూడా కనపడింది.

‘కాసేపట్లో మత్తిచ్చి ఎక్కించేస్తాను, దానికేం భయం లేదు,’ అన్నాడు. ‘చెప్పమ్మా. ఏం చేస్తూంటే జారింది?’

‘పడుకున్నానండి.’

‘పక్కకి తిరిగావా?’

‘నాకు తెలీదండి. లేచీసరికి తిన్నగానే ఉన్నాను.’

‘తలగడ?’

‘మధ్యలోనే ఉంది సార్,’ అన్నాడు ఢిల్లీబాబు. ‘నాను కళ్ళారా సూసినాను. ఇటూ అటూ కదల్నేదు. దొడ్లోకి ఎల్లాలన్నా మమ్మల్ని పిలుత్తాది సార్, అంత జాగర్తగా ఉంటాది.’

నిజం చెప్పాడు పాపం. తన పెళ్ళాం తప్పు లేదని డాక్టరుకి గట్టిగా చెప్పాలనుకున్నాడు. ఒక్కో మాటా ఆమెని వైజాగుకి ఒక్కో అడుగు తోస్తోందని అతనికి తట్టలేదు. డాక్టరు కళ్ళజోడు కిందికి దించుకుని, బల్ల మీద చీటీల పుస్తకం ముందుకి లాక్కున్నాడు. ‘కదలకుండా జారిందంటే నేను ఇంక దాచిపెట్టి లాభం లేదు బాబూ. ఇవాళ ఎక్కిస్తాను. రేపు వైజాగు తీసుకెళ్ళండి, రాసిస్తాను. గిన్నె మార్చాలి.’ ఉషారాణి పైకప్పు వైపు చూసింది. ఫ్యాను తిరగడం లేదు, రెక్క మీద దుమ్ము అంచు కట్టి ఉంది. తనకి తెలిసింది తను చెప్పేసింది. పక్కన గాజుల చప్పుడయింది. గోడకి ఆనుకుని నిలబడ్డ బుచ్చమ్మ నోట్లోంచి కొంగు తీసి, ముందుకి వచ్చి, డాక్టరు రాస్తున్న కాగితం మీద అరచెయ్యి పెట్టేసింది.

‘రాసీకండి బాబూ, కుసింత ఆగండి. అది కదల్నేదు, నిజమే. నాను కదిపినాను. ఒరే డిల్లీ, నువ్వు మాటాడకు, నన్ను సెప్పనీ. ఇప్పుడు సెప్పకపోతే ఇంక సెప్పనేను. బోజనాలయ్యాక గదిలోకి ఎల్లినాను. ఇది ఒళ్ళు తెలీకుండా పడుంది. ఆపరేసను అయిన కాడి నుంచీ ఎత్తకు, మడవకు, తిప్పకు, ఇదే మాట ఇంటన్నాను. మడవని కాలు కట్టెలాగ అయిపోద్దని నా బయం. మెలకువగుంటే ముట్టుకోనివ్వదు. నిద్దర్లో అయితే నొప్పి తెలీదు గదా అనుకున్నాను. ఆవుదం ఎచ్చబెట్టి రాసినాను. మోకాలు మడిసి పొట్టకి ఆనించినాను. ఆనింది బాబూ, ఎంత సులువుగా ఆనిందో. ఈ డాకటేర్లకి ఏటీ తెలీదు, నా సేతికి లొంగింది అని ఆశ పుట్టింది నాకు. అప్పుడు ఎదర బుజం వొయిపు తిప్పినాను, పసిగుంటలకి తిప్పినట్టే. దీనికీ తిప్పినాను, ఇది పుట్టినప్పుడు. టక్ మన్నాది. నా సేతుల్లోకి ఒచ్చింది ఆ సప్పుడు. తప్పు సేసినానని అప్పుడే తెలిసిపోనాది. కాలు దించి, తలగడ మద్దిన పెట్టీసి, కుచ్చిళ్ళు సర్దీసి, దుప్పటి కప్పీసి, పెరట్లోకి పోయి సేతులు కడుక్కున్నాను. ఇది కేకేత్తే అందరితోపాటు అప్పుడే ఇన్నట్టు ఒచ్చినాను. గేటు కాడ అడిగింది, రానేదన్నాను. ఊళ్ళో తెలిత్తే ఇంక నా కాళ్ళ మీద పిల్లనేసీవోలు ఎవులూ ఉండరని, అదీ నా బయం. బార్గవి కూడా వెయ్యదు. వెయ్యకపోతే మానీనీ. మీరు పెట్టిన గిన్నెలో ఏ దోసమూ లేదు బాబూ, దాన్ని మళ్ళీ కొయ్యకండి. ఆ కాగితం సింపీసి వేరేది రాయండి. బుచ్చమ్మ తిప్పింది, అని రాయండి.’